సైనో గ్రూప్ పెడితే థయోల్‌తో చర్య జరగలేదా, జరిగి వెనక్కి వచ్చిందా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంత వరకు ముందు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. తార్నాక దగ్గర ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నాలుగు అసంతృప్త అమైడ్‌లు చేశారు. ఒకటి మామూలు ఎన్-ఫినైల్ అక్రిలమైడ్. రెండోదానిలో ఆల్ఫా కార్బన్ మీద, అంటే కార్బనైల్ (C=O) పక్కనే ఉన్న కార్బన్ మీద మిథైల్ ఉంది, అంటే మెథాక్రిలమైడ్. మూడోదానిలో అదే మిథైల్ ద్విబంధంలో దాని తర్వాతిదైన బీటా కార్బన్ మీద ఉంది, అంటే క్రోటనమైడ్. నాలుగోది బెంజాల్డిహైడ్‌ను సైనోఅసెటనిలైడ్‌తో కలిపి చేసింది, దానిలో ఆల్ఫా మీద సైనో (CN), బీటా మీద ఫినైల్ ఉన్నాయి. నాలుగింటినీ పీహెచ్ 7.4 దగ్గర 10 మిల్లీమోలార్ మెర్కాప్టోఇథనాల్‌తో కలిపారు, అది గంధకం-హైడ్రోజన్ (SH) గ్రూప్ ఉన్న థయోల్. అక్రిలమైడ్ నెమ్మదిగా తరిగింది. మిథైల్ ఉన్న రెండూ దాదాపు కదల్లేదు. సైనో పదార్థం యూవీ శోషణ మాత్రం చూస్తుండగానే పడిపోయింది, అదే మిశ్రమాన్ని 100 రెట్లు పలచన చేసి, పదార్థాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీలో ఎక్కిస్తే మొదటి పదార్థమే దాదాపు మొత్తం తిరిగి కనిపించింది. గైడ్ గారు చర్య జరగలేదని, యూవీ రీడింగ్‌లో తప్పు ఉందని అన్నారు.

మీ యూవీ తప్పు కాదు. మీ హెచ్‌పీఎల్‌సీ కూడా తప్పు కాదు. రెండూ నిజమే చెప్పాయి, వేరువేరు సమయాల్లో చెప్పాయి. థయోల్ ఎంత వేగంగా అతుక్కుంటుంది అన్నది ఒక ప్రశ్న, అతుక్కున్నాక ఎంతసేపు ఉంటుంది అన్నది ఇంకో ప్రశ్న. పాఠాల్లో ప్రతిక్షేపకాల (అణువుకు తగిలించిన గ్రూపుల) ప్రభావం అనగానే మొదటిదే చెబుతారు. ఈ పని 22 ఏళ్లుగా చేస్తున్నాను, ఇప్పటికీ కొత్తగా చేరే పిల్లల్లో ఎక్కువమంది ఈ రెండింటినీ కలిపేయడం చూస్తున్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు చర్య ఎలా నడుస్తుందో గుర్తు చేసుకుందాం. ఆర్థర్ మైకేల్ 1887లో ప్రచురించిన చర్యకు ఇది దగ్గరి చుట్టం, ఇక్కడ కార్బానయాన్‌కు బదులు గంధకం దాడి చేస్తుంది. కార్బనైల్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కోవడం వల్ల ద్విబంధంలో దూరంగా ఉన్న బీటా కార్బన్‌కు ఎలక్ట్రాన్ల కొరత వస్తుంది. గంధకం పెద్ద పరమాణువు, దాని ఎలక్ట్రాన్ మేఘం మెత్తనిది. అందుకే అది కార్బనైల్ కార్బన్ జోలికి పోకుండా బీటా కార్బన్‌ను పట్టుకుంటుంది. అప్పుడు రుణావేశం ఆల్ఫా కార్బన్, ఆక్సిజన్‌ల మధ్య ఎనోలేట్‌గా పంచుకుంటుంది. చివరికి ఆల్ఫా కార్బన్ నీళ్ల నుంచో బఫర్ నుంచో ఒక ప్రోటాన్ తీసుకుంటుంది. ఇందులో ప్రతి మెట్టూ సూత్రరీత్యా వెనక్కి నడవగలదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మీ సమస్యకు జవాబు అక్కడే ఉంది.

ప్రతిక్షేపకాల దగ్గరికి వెళ్లేముందు థయోల్ సంగతి చూడాలి. దాడి చేసేది థయోల్ కాదు, ప్రోటాన్ పోగొట్టుకున్న థయోలేట్. ప్రోటీన్లలో ఉండే సిస్టీన్ అనే అమైనో ఆమ్లపు థయోల్ పీకేఏ, అంటే సగం థయోల్ ప్రోటాన్ పోగొట్టుకునే పీహెచ్, సుమారు 8.3. మన కణాల్లో ఉండే చిన్న థయోల్ గ్లూటాథయోన్‌ది 8.8 దగ్గర. మీరు వాడిన మెర్కాప్టోఇథనాల్‌ది 9.6 దగ్గర. పీహెచ్ 7.4 దగ్గర లెక్క వేస్తే సిస్టీన్‌లో 11 శాతం, గ్లూటాథయోన్‌లో 4 శాతం, మెర్కాప్టోఇథనాల్‌లో ఒక శాతం కూడా లేకుండా సుమారు 0.6 శాతం మాత్రమే థయోలేట్ రూపంలో ఉంటాయి. ఎక్కువ పీకేఏ ఉన్న థయోలేట్ ఒక్కొక్కటీ కాస్త చురుకైనదే కాబట్టి వేగంలో తేడా ఈ అంకెలంత ఉండదు. అయినా ఒక థయోల్‌తో కొలిచిన రేటును ఇంకో థయోల్‌తో కొలిచిన రేటు పక్కన పెట్టి పోల్చకూడదు.

ఇక్కడ నేను తిన్న దెబ్బ చెప్పాలి. నాచారంలో ఒక ల్యాబ్‌లో పనిచేసే రోజుల్లో గ్లూటాథయోన్‌తో ఇలాంటి వరసే కొలిచాం. మొదటి బ్యాచ్‌లో అణువులన్నీ అనుకున్నదానికంటే మూడు రెట్లు మందకొడిగా వచ్చాయి. ప్రతిక్షేపకాల మీద పెద్ద చర్చ నడిచింది, రెండు వారాలు పోయాయి. చివరికి ఒకరోజు సాయంత్రం వయల్‌లో మిగిలిన ద్రావణంలో పీహెచ్ పేపర్ ముంచితే రంగు తేడాగా కనిపించింది. మీటర్ పెట్టి చూస్తే 6.9 ఉంది. గ్లూటాథయోన్ పొడి తానే ఒక ఆమ్లం. పలచటి ఫాస్ఫేట్ బఫర్‌లో వేసి కలిపాక మళ్లీ పీహెచ్ సరిచేయలేదు. పీహెచ్ 0.5 తగ్గితే థయోలేట్ సుమారు మూడో వంతుకు పడిపోతుంది. మా మూడు రెట్లకు అదే లెక్క. అప్పటినుంచి బఫర్‌ను థయోల్ వేశాకే సరిచేస్తాం, వేయకముందు కాదు. రెండో జాగ్రత్త వేడి. రికార్డులో గది ఉష్ణోగ్రత అని రాసేస్తాం. జనవరిలో మన గది 22 డిగ్రీలు, మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగితే 36. ఇలాంటి చర్యల వేగం 10 డిగ్రీలకు దాదాపు రెట్టింపు అవుతుంది. మీ నాలుగు పదార్థాలనూ ఒకే రోజు, ఒకే వాటర్ బాత్‌లో 37 డిగ్రీల దగ్గర పెట్టారా? అలా కాకపోతే ముందు అది చేయండి, తర్వాతే మిథైల్ గురించి మాట్లాడుకుందాం.

ఇక కార్బనైల్ వైపు. ఇది తేలిక. ఆల్డిహైడ్ అన్నిటికంటే చురుకు, తర్వాత కీటోన్, తర్వాత ఎస్టర్, చివర అమైడ్. అమైడ్‌లో నైట్రోజన్ తన ఎలక్ట్రాన్ జంటను కార్బనైల్‌కు ఇచ్చేస్తుంది కాబట్టి ద్విబంధాన్ని లాగే అవసరం కార్బనైల్‌కు తగ్గుతుంది. ఆ నైట్రోజన్ మీద ఫినైల్ పెడితే ఆ జంటలో కొంత వలయానికి పోతుంది, అందుకే మీ ఎన్-ఫినైల్ అక్రిలమైడ్ ఎన్-ఆల్కైల్ అక్రిలమైడ్ కంటే చురుకుగా ఉంటుంది. ఆ ఫినైల్ మీద నైట్రో పెడితే ఇంకా పెరుగుతుంది, మెథాక్సీ పెడితే తగ్గుతుంది. రెండు కార్బనైల్‌లు ఒకే ద్విబంధాన్ని రెండు వైపుల నుంచీ లాగే మాలిమైడ్ అయితే థయోల్ కలిపీ కలపగానే అయిపోతుంది, ప్రోటీన్లకు రంగు అతికించడానికి దాన్నే వాడతారు.

ఆల్డిహైడ్ ఎంత చురుకో ల్యాబ్‌కు రాకుండానే తెలుసుకోవచ్చు. బజ్జీల బండి దగ్గర నూనె మాడి పొగ లేచినప్పుడు కళ్లు భగ్గుమంటాయి, ముక్కులో ఘాటు ఎక్కుతుంది. ఆ పొగలో అక్రోలీన్ ఉంటుంది, నూనెలోని గ్లిసరాల్ భాగం నీటిని కోల్పోయి పుడుతుంది. బీటా చివర ఏ అడ్డూ లేని ఆల్డిహైడ్ అది. బిర్యానీలో వేసే దాల్చినచెక్క సువాసన సిన్నమాల్డిహైడ్‌ది. అదీ ఆల్డిహైడే, అదీ అసంతృప్తమే, కానీ బీటా కార్బన్ మీద ఒక ఫినైల్ ఉంది. అది అంత తేలిగ్గా ఆవిరి కాదన్నది ఒక కారణం, బీటా ఫినైల్ దాని చురుకును బాగా తగ్గించడం ఇంకో కారణం. పూర్తిగా నిద్రపోదు, దాల్చినచెక్క నూనె నేరుగా చర్మానికి పూసుకుంటే కొందరికి దద్దుర్లు వస్తాయి. అయినా అక్రోలీన్‌కూ దీనికీ పోలికే లేదు.

బీటా స్థానం గురించి ఇంకొంచెం. థయోలేట్ లోపలికి వచ్చే గుమ్మం అదే. మన సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీద ఒకరు నిలబడితే ఏమవుతుంది? ఎక్కేవాళ్లకు కష్టం, దిగేవాళ్లకూ కష్టం. బీటా మిథైల్ చేసేది అదే. దానికి తోడు మిథైల్ కొంచెం ఎలక్ట్రాన్లు ఇస్తుంది, ద్విబంధాన్ని స్థిరపరుస్తుంది, కాబట్టి పోగొట్టుకోవాల్సింది ఎక్కువవుతుంది. మూడూ ఒకే దిక్కుకు పనిచేస్తాయి. మీ క్రోటనమైడ్ కదలకపోవడంలో వింత లేదు. రెండు రోజులు ఉంచి చూడండి, కొంచెం కదులుతుంది. ఫినైల్ అయితే ద్విబంధంతో కాంజుగేషన్‌లో ఉంటుంది, అంటే రెండూ ఎలక్ట్రాన్లను పంచుకుంటాయి, ఆ కాంజుగేషన్‌ను వదులుకోవడం ఇంకా ఖరీదు. రెండు వైపులా వలయాలున్న అసంతృప్త కీటోన్‌లు, అంటే చాల్కోన్‌లలో ఇదే చూస్తాం. బీటా వైపు వలయంలో పారా మెథాక్సీ పెడితే రేటు తగ్గుతుంది, పారా నైట్రో పెడితే పెరుగుతుంది.

బీటా మీద ఏది పెట్టినా నెమ్మదే అని మాత్రం అనుకోకండి. 2013లో అనుమతి పొందిన అఫాటినిబ్ అనే క్యాన్సర్ మందులో క్రోటనమైడే ఉంది, కానీ ఆ మిథైల్ చివర డైమిథైల్ అమైనో గ్రూప్ తగిలించారు. పైకి చూస్తే ఇంకా పెద్ద అడ్డు. అయినా మామూలు క్రోటనమైడ్ కంటే చురుగ్గా పనిచేస్తుంది, కణాల పెరుగుదలను నడిపే ఈజీఎఫ్ఆర్ ప్రోటీన్‌లో 797వ స్థానంలోని సిస్టీన్‌ను పట్టుకుంటుంది. ఆ అమైన్ థయోల్ నుంచి ప్రోటాన్ లాగడంలో పక్కనుంచి సాయం చేస్తుంది, తనే ప్రోటాన్ తీసుకున్నప్పుడు ధనావేశంతో ఎలక్ట్రాన్లను లాగుతుంది. గ్రూప్ పరిమాణం చూసి ఆగిపోకుండా అది ఏం చేయగలదో చూడాలని ఈ అణువు దగ్గరే నేను నేర్చుకున్నాను.

ఇప్పుడు ఆల్ఫా స్థానం. నాకు ఎంతో ఇష్టమైన భాగం ఇది. ఎందుకంటే రుణావేశం వచ్చి కూర్చునే చోటు ఇదే. బీటా మీద ఉన్నది గుమ్మంలో అడ్డం పడితే, ఆల్ఫా మీద ఉన్నది లోపలికి వచ్చినవాళ్లకు కుర్చీ వేస్తుందా లేదా అన్నదాన్ని తేలుస్తుంది. మిథైల్ అయితే ఎలక్ట్రాన్లు ఇచ్చే గ్రూప్, అప్పటికే రుణావేశం ఉన్న చోట ఇంకా పోస్తుంది. ఎనోలేట్ ఇబ్బంది పడుతుంది, చర్య మందగిస్తుంది. అందుకే మెథాక్రిలమైడ్ ఊరుకుండిపోయింది.

ఫ్లోరిన్ దగ్గర చాలామంది పరీక్షలో తప్పు రాస్తారు. ఫ్లోరిన్ ఎలక్ట్రాన్లను గట్టిగా లాగుతుంది కాబట్టి ఆల్ఫా ఫ్లోరో అక్రిలమైడ్ ఇంకా చురుకుగా ఉండాలి అనుకుంటారు. నిజానికి గ్లూటాథయోన్‌తో దాని చురుకు తగ్గుతుంది. ఫ్లోరిన్ మీద ఉన్న ఒంటరి జంటలు సమతలంగా ఉన్న ఎనోలేట్ ఎలక్ట్రాన్లను పక్కనుంచి నెడతాయి. కొన్ని క్యాన్సర్లలో మార్పు చెందే కేరాస్ ప్రోటీన్‌లో 12వ స్థానంలో వచ్చిన సిస్టీన్‌ను పట్టుకునే మందులు రెండు చూడండి. 2021లో వచ్చిన సోటోరాసిబ్‌లో మామూలు అక్రిలమైడ్ ఉంది. 2022 డిసెంబర్‌లో అనుమతి వచ్చిన అడాగ్రాసిబ్‌లో ఆల్ఫా ఫ్లోరో అక్రిలమైడ్ ఉంది. అడాగ్రాసిబ్ తయారుచేసినవాళ్లు ఆ ఫ్లోరిన్‌ను పెట్టింది చురుకు పెంచడానికి కాదు, రక్తంలో దారిలోనే గ్లూటాథయోన్‌కు చిక్కిపోకుండా మందును కాపాడటానికి.

ఆల్ఫా మీద కార్బన్ గొలుసు ఉంటే నెమ్మది అనే సూత్రానికి కూడా మినహాయింపు ఉంది, అది మన ఖాళీ ప్లాట్ల నిండా పెరుగుతోంది. వయ్యారిభామ మొక్కలో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది. అందులో లాక్టోన్ వలయానికి ఆల్ఫా దగ్గర ఒక మిథిలీన్ అతికి ఉంటుంది. ఆల్ఫా కార్బన్ వలయంలో ఇరుక్కుని ఉన్నా బీటా చివర పూర్తిగా ఖాళీ, పైగా ద్విబంధమూ కార్బనైల్ ఒకే వైపు బిగుసుకుని ఉంటాయి, ఎనోలేట్‌కు కావలసిన అమరిక ముందే సిద్ధం. చర్మంలోని ప్రోటీన్ థయోల్‌లను పట్టుకుంటుంది. ఆ మొక్కలు పీకిన కూలీల చేతులకు వచ్చే దురద, పుండ్లకు ఇదొక ముఖ్య కారణం. గ్లవ్స్ లేకుండా ఎవరూ పీకకూడదు, ఇంట్లో పనివాళ్లకు కూడా చెప్పండి.

ఇక సైనో. ఇది ఆల్ఫా మీద కూర్చుని రుణావేశాన్ని బలంగా తనలోకి తీసుకుంటుంది. ఎనోలేట్ చాలా స్థిరపడుతుంది కాబట్టి థయోలేట్ ఒక్క ఉదుటున అతుక్కుంటుంది. బీటా మీద ఫినైల్ ఉన్నా సరే లెక్కచేయదు. మీ యూవీలో కొన్ని సెకన్లలో పడిపోయింది అదే, ద్విబంధం పోవడంతో కాంజుగేషన్ తెగింది. కానీ ఎనోలేట్‌ను స్థిరపరిచే గుణమే ఉత్పన్నంలోని, అంటే థయోల్ అతికిన అణువులోని ఆల్ఫా ప్రోటాన్‌ను బాగా ఆమ్లంగా మారుస్తుంది. పీహెచ్ 7.4 దగ్గర కూడా ఆ ప్రోటాన్ వస్తూ పోతూ ఉంటుంది. పోయిన ప్రతిసారీ ఎనోలేట్ మళ్లీ పుడుతుంది, అది థయోలేట్‌ను బయటికి తోసి ద్విబంధాన్ని తిరిగి కట్టుకోగలదు. అంటే ఒకే గ్రూప్ ముందుకు పోయే దారినీ వెనక్కి వచ్చే దారినీ రెండింటినీ తెరిచింది. మామూలు అక్రిలమైడ్ ఉత్పన్నంలో ఆల్ఫా ప్రోటాన్ అంత ఆమ్లం కాదు, అందుకే అది నెమ్మదిగా అతికినా ఆ షరతుల్లో ఊడదు.

మీ హెచ్‌పీఎల్‌సీ ఫలితానికి లెక్క ఇలా వేయొచ్చు. అంకె మీ అణువుది కాదు, ఉదాహరణకు తీసుకుంటున్నాను. విడిపోయే స్థిరాంకం, అంటే సగం పదార్థం అతికి ఉండే థయోల్ గాఢత, 1 మిల్లీమోలార్ అనుకోండి. థయోల్ 10 మిల్లీమోలార్ ఉన్నప్పుడు 10ని 11తో భాగిస్తే 91 శాతం అతికి ఉంటుంది. 100 రెట్లు పలచన చేశాక థయోల్ 0.1 మిల్లీమోలార్. ఇప్పుడు 0.1ని 1.1తో భాగిస్తే 9 శాతం. వయల్‌ను ఆటోశాంప్లర్‌లో పెట్టి మీరు టీ తాగి వచ్చేలోపు మిగతాదంతా మొదటి పదార్థంగా మారిపోతుంది. కాలమ్‌లో థయోల్ వేరైపోయాక ఇంకొంత మారుతుంది. మీ గైడ్ గారు చూసిన పీక్ అలా తిరిగి వచ్చినదే.

సైనో అక్రిలేట్‌లు థయోల్‌లతో ఇలా వెనక్కి నడుస్తాయని 1960లలోనే గమనించారు. 2012లో కాలిఫోర్నియాలో జాక్ టాంటన్ బృందం దాన్ని మందుల రూపకల్పనకు మలిచింది. ప్రోటీన్‌లో సరైన సిస్టీన్‌ను పట్టుకుంటే చుట్టూ ఉన్న ఇతర బంధాలు అణువును అక్కడే ఉంచుతాయి. దారిన పోయే గ్లూటాథయోన్‌నో వేరే ప్రోటీన్‌నో పట్టుకుంటే ఊడి వచ్చేస్తుంది. 2015లో వాళ్లే బీటా మీద లావాటి గ్రూపులు పెట్టి, అణువు ప్రోటీన్‌పై నిలిచే సమయాన్ని కావలసినట్టు పెంచవచ్చని చూపారు. ఫుట్‌బోర్డు మీద మనిషి సంగతి గుర్తుందా, దిగడం కూడా కష్టమే. రోగనిరోధక కణాల్లో పనిచేసే బీటీకే ప్రోటీన్‌లో 481వ స్థానంలోని సిస్టీన్‌ను 2013 నాటి ఇబ్రుటినిబ్ అక్రిలమైడ్‌తో శాశ్వతంగా పట్టుకుంటే, రిల్జాబ్రుటినిబ్ సైనో అక్రిలమైడ్‌తో పట్టుకుని వదలగలదు.

మీ వరసలో ఒక లోపం ఉంది, వైవాలో అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను. సైనో పదార్థాన్ని అక్రిలమైడ్‌తో పోల్చడం సరికాదు, రెండు చోట్ల తేడా ఉంది. సైనో లేని సిన్నమమైడ్ ఒకటి చేయండి, సిన్నమాయిల్ క్లోరైడ్, అనిలిన్‌తో ఒక పూట పని. అది థయోల్‌తో దాదాపు కదలకుండా ఉంటుంది. ఆ పక్కన పెడితేనే సైనో ఒక్కటే ఎంత మార్పు తెచ్చిందో కనిపిస్తుంది.

కొలిచే పద్ధతి గురించి. అతికిన పదార్థం నిలిచి ఉండే అక్రిలమైడ్ లాంటివాటికి థయోల్ బాగా ఎక్కువ పెట్టి, మొదటి పదార్థం సగం తరిగే సమయం చూడండి. 0.693ని ఆ సమయంతోనూ థయోల్ గాఢతతోనూ భాగిస్తే రెండో క్రమాంక రేటు స్థిరాంకం వస్తుంది. గాఢత 5 మిల్లీమోలార్, సగం సమయం 180 నిమిషాలు అయితే మోలార్‌కు నిమిషానికి 0.77. థయోల్ మిగులును ఎల్‌మన్ కారకంతో, అంటే డీటీఎన్‌బీతో కొలిచేవాళ్లు ఉన్నారు. 1959 నాటి పద్ధతి, 412 నానోమీటర్ల దగ్గర పసుపు రంగు, ఇప్పటికీ నమ్మదగినది. కానీ సైనో పదార్థాలకు అది వద్దు. స్వేచ్ఛగా ఉన్న థయోల్‌ను డీటీఎన్‌బీ తినేస్తూ పోతుంటే సమతుల్యం వెనక్కి జరిగి అతికినది కూడా ఊడి వస్తుంది, మీకు చర్య జరగనట్టే కనిపిస్తుంది. ఏ పద్ధతైనా పదార్థం లేకుండా థయోల్ ఒక్కటే ఉన్న బ్లాంక్ తప్పనిసరి, గాలికి థయోల్ డైసల్ఫైడ్‌గా మారిపోతుంది. కొంచెం ఈడీటీఏ వేస్తే లోహపు జాడలు పట్టుబడి ఆ వేగం తగ్గుతుంది. థయోల్ అంటిన గాజు సామాన్లను ఫ్యూమ్ హుడ్‌లోనే పలచటి బ్లీచ్‌లో నానబెట్టండి, ఆ బ్లీచ్‌లో ఆమ్లం మాత్రం పడనివ్వొద్దు. అక్రిలమైడ్‌లను తూచేటప్పుడు గ్లవ్స్ తీయవద్దు, నరాల మీద వాటి ప్రభావం తెలిసినదే.

గైడ్ గారికి చూపించడానికి ఒక ప్రయోగం చాలు. యూవీ కువెట్‌లోనే చేయండి, హెచ్‌పీఎల్‌సీ జోలికి పోవద్దు. సైనో పదార్థం గరిష్ఠంగా శోషించే తరంగదైర్ఘ్యం దగ్గర రీడింగ్ పెట్టి, 10 మిల్లీమోలార్ థయోల్ కలపండి. గీత పడిపోయి స్థిరపడే వరకు ఆగండి. తర్వాత అందులోంచి 30 మైక్రోలీటర్లు తీసి అదే పీహెచ్ ఉన్న 3 మిల్లీలీటర్ల ఖాళీ బఫర్‌లో వేయండి. మొదటి పదార్థం గాఢత పలచన తర్వాత కూడా కనిపించేంత ఉండేలా ముందే లెక్క చూసుకోండి, కరగకపోతే కొంచెం డీఎంఎస్ఓ ద్రావణి వాడండి. పక్కనే మామూలు అక్రిలమైడ్ ఉత్పన్నాన్ని కూడా అలాగే పలచన చేసి ఒక రోజు ఉంచి హెచ్‌పీఎల్‌సీలో చూడండి, అది అలాగే ఉంటుంది. సైనో కువెట్‌ను మాత్రం స్పెక్ట్రోమీటర్‌లోంచి తీయకుండా అరగంట పాటు నిమిషానికోసారి రీడింగ్ తీయండి. గీత మళ్లీ పైకి లేస్తుంది. ఆ ప్రింటవుట్ తీసుకుని గైడ్ గారి దగ్గరికి వెళ్లండి.